ఆరు నెలలు నరపూజ, ఆరు నెలలు దేవపూజ: గఢ్వాల్ క్షేత్రాలకు ప్రతిపద వ్యాఖ్య

మూలం

హిమాలయ క్షేత్రాల్లో ఆరు నెలలు నరపూజ, ఆరు నెలలు దేవపూజ.

అవతారిక

బదరీనాథ్‌ను గురించి గఢ్వాల్ కొండల్లో తరతరాలుగా చెప్పుకునే నమ్మకానికి ఇది తెలుగు రూపం. ఏడాదిలో సగం మనుషులు నారాయణుణ్ణి కొలుస్తారు, మంచు కప్పిన మిగతా సగం నారదుడు మొదలైన దేవగణం కొలుస్తుందని దాని సారం. కేదార్‌నాథ్‌కు కూడా ఇదే మాట చెబుతారు.

కొండమీది దేవుడు తెలుగువాళ్ళకు కొత్త కాదు. తిరుమల, శ్రీశైలం, సింహాచలం, అహోబిలం, యాదగిరిగుట్ట అన్నీ కొండలే. అయితే మన కొండల మీద దేవుడికి ఏ రోజూ మేలుకొలుపు తప్పదు. గ్రహణం పూట తలుపులు వేసినా, విడిచాక శుద్ధి చేసి తెరుస్తారు. గుడికి తాళం వేసి, పూజారులూ కొట్లవాళ్ళూ అందరూ కలిసి కిందికి దిగి, మళ్ళీ వైశాఖం దాకా అటు వెళ్ళకపోవడం మన అనుభవంలో లేదు. అందుకే పై వాక్యం మనకు ఒక ముచ్చటైన కథలా వినిపిస్తుంది. పదం పదం విడదీసి చూస్తే మాత్రం ఆ కొండల భూగోళం, పంచాంగం, బంధుమర్యాద, బతుకుతెరువు అన్నీ అందులోనే కనిపిస్తాయి. యాత్రకు వెళ్ళేవాళ్ళు టికెట్లకంటే ముందు తెలుసుకోవలసింది ఈ వాక్యమే అని నా నమ్మకం.

హిమాలయ

ఇక్కడ హిమాలయం అంటే ఆ పర్వతశ్రేణి మొత్తం కాదు, ఉత్తరాఖండ్ రాష్ట్రంలో పడమటి వైపున్న గఢ్వాల్. స్కాందపురాణం పేరుతో ప్రచారంలో ఉన్న కేదారఖండం వర్ణించే సీమ ఇదే. ఇందులో నాలుగు ప్రధాన క్షేత్రాలు పడమటి నుంచి తూర్పుకు వరసగా ఉన్నాయి: యమునోత్రి, గంగోత్రి, కేదార్‌నాథ్, బదరీనాథ్. యాత్రికులు కూడా ఇదే వరసలో, ప్రదక్షిణంగా వెళతారు. బదరీనాథ్, ద్వారక, పూరీ, రామేశ్వరం కలిసిన దేశవ్యాప్తమైన చార్‌ధామ్ వేరు. ఆ పెద్ద నాలుగింటిలోనూ, ఈ చిన్న నాలుగింటిలోనూ ఉన్నది బదరీనాథ్ ఒక్కటే.

ఎత్తుల సంగతి చూద్దాం. నాలుగు క్షేత్రాలూ 3,000 మీటర్లకు పైనే ఉన్నాయి. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. మన తిరుమల గుడి ఉన్న చోటు వెయ్యి మీటర్ల లోపే. ఈ తేడాను ముందుగా గుర్తించేది మనసు కాదు, ఊపిరి. మెట్లెక్కే అలవాటు ఉన్నవాళ్ళకు కూడా కేదార్‌నాథ్ దారిలో పది అడుగులకే ఆయాసం వస్తుంది, రాత్రి తలనొప్పి పట్టుకుంటుంది. శరీరం ఆ గాలికి అలవాటు పడాలంటే కిందనే ఒకటి రెండు రోజులు ఆగాలి.

రెండో విశేషం ఈ కొండల వయసు. మన తూర్పు కనుమలూ నల్లమలా చాలా పురాతనమైన రాళ్ళు. హిమాలయం వాటి ముందు పసిది. భారత భూఫలకం యురేషియా ఫలకం కిందికి నెట్టుకుపోతూ ఉండగా పైకి లేచిన మడతలివి. ఆ నెట్టుడు నేటికీ ఆగలేదు. కనుక రాయి బిగిసి ఉండదు. వాన పడితే చరియ జారుతుంది, నది ఒడ్డు కోస్తుంది, అప్పుడప్పుడు నేల కంపిస్తుంది. 'హిమాలయ' అన్న పదాన్ని ఈ వాక్యంలో ముందు పెట్టడంలో ఔచిత్యం ఉంది. ఇక్కడి నియమాలన్నీ ఆ పర్వతం పెట్టినవే.

క్షేత్రాల్లో

క్షేత్రం అనగానే మనకు గోపురం, ప్రాకారం, గర్భగుడి గుర్తొస్తాయి. గఢ్వాల్‌లో క్షేత్రం నదితో మొదలవుతుంది. బదరీనాథ్ దగ్గర పుట్టిన అలకనంద కిందికి వస్తూ ఒక్కొక్క ఉపనదిని కలుపుకుంటుంది. విష్ణుప్రయాగలో ధౌళిగంగ, నందప్రయాగలో నందాకిని, కర్ణప్రయాగలో పిండర్, రుద్రప్రయాగలో కేదార్‌నాథ్ నుంచి దిగిన మందాకిని. చివరకు దేవప్రయాగలో గంగోత్రి వైపు నుంచి వచ్చిన భాగీరథి కలుస్తుంది. అక్కడి నుంచే ఆ నదికి గంగ అని పేరు. ఇవే పంచప్రయాగలు. పాతకాలపు యాత్రికుడు రిషీకేశ్ నుంచి నడక మొదలుపెట్టి, ఈ సంగమాల్లో ఒక్కొక్కచోట స్నానం చేస్తూ పైకి వెళ్ళేవాడు. దారి అంతా తీర్థమే అతనికి.

దేవప్రయాగ గురించి తెలుగువాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. బదరీనాథ్ తీర్థపురోహితుల కుటుంబాలు అక్కడే నివసిస్తాయి. యాత్రకు వచ్చినవాళ్ళ ఊరు, వంశం, తాతతండ్రుల పేర్లు రాసి ఉంచే వహీ పుస్తకాలు వాళ్ళ దగ్గర ఉంటాయి. అక్కడి రఘునాథ ఆలయం శ్రీవైష్ణవులు కొలిచే నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి. బదరీనాథ్, జోషీమఠ్ కూడా ఆ జాబితాలోవే. అంటే తమిళ ఆళ్వార్ల పాశురాల ద్వారా ఈ మంచుకొండలు దక్షిణాది నిత్యపారాయణంలో వెయ్యేళ్ళకు పైగా ఉన్నాయి.

శైవులకు ఇక్కడి క్షేత్రం ఒక శరీరం. కురుక్షేత్ర యుద్ధం తరవాత బంధుహత్యా పాపం పోగొట్టుకోవడానికి పాండవులు శివుణ్ణి వెతుక్కుంటూ వస్తారు. ఆయన వృషభరూపం ధరించి తప్పించుకుంటాడు. భీముడు పట్టుకోబోయేసరికి భూమిలోకి దిగిపోతాడు. మూపురం కేదార్‌నాథ్‌లో, బాహువులు తుంగనాథ్‌లో, ముఖం రుద్రనాథ్‌లో, నాభి మధ్యమహేశ్వర్‌లో, జటలు కల్పేశ్వర్‌లో బయటపడ్డాయి. ఇవి పంచకేదారాలు. కేదార్‌నాథ్‌లో మనం చూసే లింగం చెక్కిన శిల్పం కాదు, మూపురం ఆకారంలో ఉన్న బండరాయి. ఈ కథలో శివుడు దొరికీ దొరకని దేవుడు, అయిదు లోయలు నడిస్తేగాని పూర్తిగా దర్శనమివ్వని దేవుడు. తుంగనాథ్ సుమారు 3,680 మీటర్ల ఎత్తున ఉంది. కల్పేశ్వర్ ఒక్కటే ఏడాది పొడవునా తెరిచి ఉంటుంది.

దారి కూడా క్షేత్రంలో భాగమే. కాలినడక రోజుల్లో కొన్ని మైళ్ళకొకటి చొప్పున చట్టీలు ఉండేవి. యాత్రికుడు అక్కడ సరుకులు కొనుక్కుని, వండుకుని, తలదాచుకునేవాడు. హనుమాన్ చట్టీ, జానకీ చట్టీ వంటి పేర్లలో ఆ మజిలీలు ఇప్పటికీ మిగిలాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, కాలీ కమలీవాలే బాబాగా పేరుపడ్డ స్వామి విశుద్ధానంద ఈ దారుల వెంట ధర్మశాలలు, అన్నసత్రాలు పెట్టించారు. 1962 యుద్ధం తరవాత సరిహద్దు అవసరాల కోసం మోటారు రోడ్లు పైదాకా వచ్చాక చట్టీలు ఖాళీ అయ్యాయి. నెలల నడక రోజుల ప్రయాణమైంది. దానివల్ల ముసలివాళ్ళకూ అశక్తులకూ దర్శనం దొరికింది, అది మేలే. కానీ ఆ నడకలో శరీరం ఎత్తుకు అలవాటు పడేది. ఆ వ్యవధిని ఇప్పుడు మనమే ఏర్పాటు చేసుకోవాలి.

ఆరు నెలలు

ఈ సంఖ్య మొదటిసారి వచ్చినప్పుడు దాని అర్థం గుడి తెరిచి ఉండే కాలం. గుడి తలుపుల్ని అక్కడ కపాట్ అంటారు. కపాట్ తెరవడం, మూయడం అక్కడి ఏడాదికి రెండు కొసలు. ఆ తేదీలను కార్యాలయాలు కాదు, తిథులు నిర్ణయిస్తాయి. యమునోత్రి, గంగోత్రి అక్షయ తృతీయకు తెరుచుకుంటాయి. కేదార్‌నాథ్ ముహూర్తాన్ని మహాశివరాత్రి నాడు, కేదారేశ్వరుడి చలికాలపు విడిదైన ఉఖీమఠ్ ఓంకారేశ్వరాలయంలో ప్రకటిస్తారు. బదరీనాథ్ ముహూర్తం వసంత పంచమి నాడు నరేంద్రనగర్‌లో, పూర్వపు టిహరీ రాజుల భవనంలో ఖరారవుతుంది. బదరీనాథుణ్ణి ఆ రాజ్యానికి అసలైన ప్రభువుగా, రాజును ఆయన ప్రతినిధిగా భావించేవారు. రాజ్యం పోయినా పంచాంగం చదివే ఆ మర్యాద పోలేదు.

మూసే తిథులు కార్తికంలో వస్తాయి. దీపావళి మర్నాడు అన్నకూట్ రోజున గంగోత్రి, ఆ తరవాతి యమ ద్వితీయ నాడు కేదార్‌నాథ్, యమునోత్రి మూతపడతాయి. బదరీనాథ్ మూసే రోజును విజయదశమికి ప్రకటిస్తారు, సాధారణంగా అది నవంబరు మధ్యలో పడుతుంది.

యమ ద్వితీయ మనకు భగినీ హస్త భోజనం. యముడు చెల్లెలు యమున ఇంటికి వెళ్ళి ఆమె చేతివంట తిన్న రోజు. ఆ పండుగనాడే యమునమ్మ గుడి మూసి, ఆమెను చలికాలపు విడిదికి తీసుకువెళతారు. మరో పోలిక మన ఇళ్ళలోనే ఉంది. దీపావళి అమావాస్యకో కార్తిక పౌర్ణమికో తెలుగు ఇళ్ళలో కేదారేశ్వర వ్రతం చేసుకుంటారు. ఇరవై ఒక్క పోగుల తోరం కట్టుకుంటారు. గౌరీదేవి ఆ వ్రతం చేసి శివుడి శరీరంలో సగం పొందిందని కథ. ఆ గౌరి తపస్సు చేసిన చోటుగా చెప్పే గౌరీకుండ్ నుంచే కేదార్‌నాథ్ నడకదారి మొదలవుతుంది. మన గడపల్లో కేదారేశ్వరుడికి పీట వేసే రోజుల్లోనే అక్కడ ఆయన కొండ దిగడానికి సిద్ధమవుతూ ఉంటాడు.

నర

నరుడు అంటే మనిషి అని సామాన్యార్థం. బదరీనాథ్‌లో దీనికి ఇంకో అర్థం తోడవుతుంది. అలకనందకు చెరో వైపున్న రెండు పర్వతాలకు నర, నారాయణ అని పేర్లు. మహాభారతం నమస్కరించే నరనారాయణ ఋషులు తపస్సు చేసిన చోటుగా దీన్ని చెబుతారు. గుడిలోని సాలగ్రామ శిలామూర్తి పద్మాసనంలో ధ్యానం చేస్తున్నట్టు ఉంటుంది. తపస్సు చేసుకునే దేవుడి ముందు తపస్సు చేసుకునే మనిషి ఎదురుగా నిలబడ్డాడన్నమాట.

ఇక నరపూజ చేసే నరులు ఎవరు? బదరీనాథ్ ప్రధాన అర్చకుణ్ణి రావల్ అంటారు. ఆయన కేరళ నంబూద్రి బ్రాహ్మణుడై ఉండాలి, పదవిలో ఉన్నంతకాలం బ్రహ్మచారిగా ఉండాలి. నారదకుండంలో మునిగి ఉన్న మూర్తిని ఆదిశంకరులు వెలికితీసి ప్రతిష్ఠించారని సంప్రదాయం. ఆయన పుట్టిన నేల నుంచే అర్చకుడు రావాలన్నది అక్కడి నియమం. కేదార్‌నాథ్ రావల్ కర్ణాటక వీరశైవ జంగమ సంప్రదాయానికి చెందినవారు. ఆయన స్వయంగా పూజ చేయరు, ఆయన ఆదేశంతో పూజారులు చేస్తారు. వీరశైవుల పంచపీఠాల్లో ఉఖీమఠ్‌లోని కేదార పీఠం ఒకటి, మన శ్రీశైల పీఠం మరొకటి. రెండుచోట్లా జ్యోతిర్లింగాలే. నల్లమల అడవికీ మందాకిని లోయకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని తెలిస్తే కేదార్‌నాథ్ మనకు పరాయి చోటులా అనిపించదు.

రావల్ ఒక్కడితో పూజ సాగదు. బదరీనాథ్‌లో నైవేద్యం, లక్ష్మీదేవి సేవ వంటివి డిమ్రీ కుటుంబాల బాధ్యత. గంగోత్రి పూజ ముఖ్‌బా ఊరి సెమ్వాల్ వారిది, యమునోత్రి పూజ ఖర్సాలీ ఊరి ఉనియాల్ వారిది. బదరీనాథుడి అభిషేకానికి వాడే నువ్వులనూనెను నరేంద్రనగర్ రాజభవనంలో ముత్తైదువలు తీస్తారు. ఆ నూనె కుండ పేరు గాడూ ఘడా. డిమ్రీలు దాన్ని ఊరేగింపుగా కొండపైకి చేరుస్తారు. మాణా ఊరి ఆడపిల్లలు స్వామికి కంబళి నేస్తారు. గౌరీకుండ్ నుంచి పదహారు కిలోమీటర్ల దారిలో ముసలివాళ్ళను వీపు మీది బుట్టలో మోసే కండీవాలాలు, నలుగురు కలిసి డండీ అనే పల్లకీ మోసేవాళ్ళు, గుర్రాలూ కంచరగాడిదలూ తోలేవాళ్ళు ఉంటారు. వీళ్ళలో చాలామంది నేపాల్ నుంచి వచ్చిన కూలీలు. నరపూజ అన్న మాటలో వీళ్ళందరి చెమటా కలిసి ఉంది. దర్శనం ముగించుకుని వచ్చేటప్పుడు బేరమాడి వాళ్ళ కూలి తగ్గించిన యాత్రికుడు ఆ పూజలో తన భాగాన్ని తగ్గించుకున్నట్టే.

పూజ

ఒక్కొక్క గుడిలో పూజ ఆ చోట దొరికే ద్రవ్యంతో అల్లుకుంది. యమునోత్రిలో సూర్యకుండం అనే వేడినీటి బుగ్గ ఉంది. బియ్యం, బంగాళాదుంపలు గుడ్డలో మూటకట్టి అందులో ముంచితే ఉడుకుతాయి, అదే ప్రసాదం. బదరీనాథ్‌లో గుడి మెట్ల కిందే తప్తకుండం ఉంది. పక్కన మంచునీళ్ళతో అలకనంద హోరెత్తుతుంటే, ఇక్కడ పొగలు కక్కే నీళ్ళలో స్నానం చేసి గుడిలోకి వెళతారు. బదరీనాథుడి మెడలో వేసే తులసి మన ఇంటి తులసి కాదు. ఆ కొండల్లో పెరిగే ఘాటైన వాసనగల మొక్క, దాన్ని బదరీ తులసి అంటారు. పచ్చి శనగపప్పు ప్రసాదంగా ఇస్తారు. పక్కనే బ్రహ్మకపాలం దగ్గర పితృదేవతలకు పిండప్రదానం చేస్తారు.

కేదార్‌నాథ్‌లో భక్తులు లింగానికి తమ చేతులతో నేతిని పూస్తారు. ఎముకలు కొరికే చలిలో ఉన్న దేవుడికి ఒళ్ళు పగలకుండా నెయ్యి రాయడం ఎంత సహజమైన సేవ! వర్షాకాలంలో పైన పచ్చిక బయళ్ళలో విచ్చే బ్రహ్మకమలాలు ఆయనకు పూజాపుష్పాలు. ఆ పువ్వు ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం కూడా.

ఈ ద్రవ్యాలన్నిటికీ ఒక లక్షణం ఉంది. భూమిలోని వేడి, నువ్వులనూనె, గొర్రె ఉన్ని, నెయ్యి, కొండపువ్వు. చలిలో మనిషి బతకడానికి ఏవి కావాలో అవే దేవుడికి ఉపచారాలయ్యాయి. శాస్త్రం చెప్పిన షోడశోపచారాలకు ఆ కొండ తన సొంత ఉపచారాలను చేర్చింది. ఈ పూజావిధానంలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఈ సంగతే. ఆ దేవుడు అతిథిగా వచ్చి కూర్చున్నవాడు కాదు, ఆ చలిని పంచుకునే ఇంటిమనిషి.

ఆరు నెలలు (రెండోసారి)

ఇదే మాట రెండోసారి వచ్చినప్పుడు మూసి ఉన్న కాలాన్ని చెబుతుంది. మొదటి ఆరు నెలలను లక్షలమంది చూస్తారు, రెండో ఆరు నెలలను పట్టించుకునేవాళ్ళు తక్కువ. అందుకని ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

బదరీనాథ్‌లో మూసివేత ఒక్క రోజు పని కాదు. పంచపూజల పేరుతో అయిదు రోజులు సాగుతుంది. ముందు గణేశుడి ఆలయం మూస్తారు, తరవాత ఆదికేదారేశ్వరుడిది. ఆపైన వేదపఠనం ఆపి గ్రంథాలకు పూజ చేస్తారు. తరవాత లక్ష్మీదేవిని లోపలికి రమ్మని పిలుస్తారు. గుడి తెరిచి ఉన్న ఆరు నెలలూ ఆమె ఆవరణలోని తన ఆలయంలో వేరుగా ఉంటుంది. ఎందుకంటే గర్భగుడిలో స్వామి పక్కన ఉద్ధవుడు ఉంటాడు. ఆయన ఆమెకు వరసకు బావగారు, బావగారి ఎదుట పెనిమిటి పక్కన కూర్చోవడం మర్యాద కాదు. ఉద్ధవుడు, కుబేరుడు బయటికి వచ్చాక లక్ష్మి లోపలికి వెళుతుంది. ఆమెను తీసుకువెళ్ళే రావల్ ఆ రోజు చెలికత్తెలా స్త్రీవేషం ధరిస్తారు, అమ్మవారిని పరపురుషుడు తాకకూడదని. చివరగా మాణా ఆడపిల్లలు నేసిన కంబళికి నెయ్యి పట్టించి స్వామికి కప్పుతారు. అఖండజ్యోతి వెలిగించి తలుపులు మూస్తారు.

ఉద్ధవుడు, కుబేరుడు పాండుకేశ్వర్‌కు దిగుతారు. ద్వారక మునగబోయే ముందు ఉద్ధవుణ్ణి బదరికి వెళ్ళమని కృష్ణుడు ఆదేశించిన సంగతి భాగవతం చదివినవాళ్ళకు తెలుసు. ఆ ఉద్ధవుడు ఇప్పటికీ ఏటా బదరికి ఎక్కి దిగుతూనే ఉన్నాడు. ఆదిశంకరుల గద్దె జోషీమఠ్ నరసింహాలయానికి చేరుతుంది.

కేదారేశ్వరుడి పంచముఖ ఉత్సవమూర్తి డోలీలో బయలుదేరుతుంది. మనం పల్లకీ అనేదాన్ని అక్కడ డోలీ అంటారు. సైనిక బ్యాండు వాయిస్తుంటే, ఊరూరా హారతులు అందుకుంటూ, రాత్రులు మజిలీ చేస్తూ గుప్తకాశీ మీదుగా ఉఖీమఠ్ చేరుతుంది. బాణాసురుడి కూతురు ఉష పేరు మీద వచ్చిన ఊరది, ఉషా అనిరుద్ధుల పెళ్ళి అక్కడే జరిగిందంటారు. మధ్యమహేశ్వరుడు కూడా అక్కడికే దిగుతాడు. తుంగనాథుడు మక్కూమఠ్‌కు, రుద్రనాథుడు గోపేశ్వర్‌లోని గోపీనాథ ఆలయానికి వెళతారు. గంగమ్మ ముఖ్‌బాకు, యమునమ్మ ఖర్సాలీకి చేరతారు. ఆ రెండూ వాళ్ళకు పుట్టిళ్ళని ఊరివాళ్ళు చెబుతారు. ఆడపడుచు ఇంటికి వచ్చినట్టే ఎదురువెళ్ళి తెచ్చుకుంటారు, వసంతం చివర సాగనంపేటప్పుడు కన్నీళ్ళు పెట్టుకుంటారు.

దేవుళ్ళు ఇలా కిందికి దిగడం ఎక్కడి ఆచారం? అక్కడి మనుషుల ఆచారమే. మాణా వంటి పై ఊళ్ళలోని భోటియాలు వేసవిలో పైన పొలాలు చేసుకుని, గొర్రెలు మేపుకుని, చలికాలం రాగానే ఇళ్ళకు తాళాలు వేసి చమోలీ జిల్లాలోని దిగువ ఊళ్ళకు దిగుతారు. పైన ఒక ఇల్లు, కింద ఒక ఇల్లు వాళ్ళకు పుట్టుకతో వచ్చిన ఏర్పాటు. దేవుడికీ అదే ఏర్పాటు చేశారు. ఆ నేల మీద ఎలా బతకాలో తెలిసిన మనుషులు తమ దేవుడికి కూడా అలా బతకడమే నేర్పారు.

పంట ఇల్లు చేరి, చేను ఖాళీగా ఉన్న ఆ నెలల్లోనే అలకనంద, మందాకిని లోయల పల్లెల్లో పాండవ నృత్యం జరుగుతుంది. డోలు దెబ్బకు ఊరి మనుషుల మీదికి భీముడూ అర్జునుడూ ద్రౌపదీ పూనుతారని నమ్ముతారు. రాత్రులు భారతం సాగుతుంది. యాత్రికుడు వెళ్ళిపోయాక అక్కడ భక్తి ఆగిపోదన్నమాట. బయటివాళ్ళకు కనిపించని రెండో సగం ఊరివాళ్ళ సొంతం.

దేవ

మూసిన గుడిలో దేవతలు పూజ చేస్తారనడానికి అక్కడివాళ్ళు చూపే ఆనవాలు ఒకటుంది. మూసేనాడు వెలిగించిన దీపం తెరిచేనాడు కూడా వెలుగుతూ ఉంటుందని చెబుతారు. ఆ జ్యోతిని చూడడానికే మొదటి రోజున వేలమంది బారులు తీరుతారు. నేతి కంబళిని తీసి చూసి, అది ఉన్న తీరును బట్టి రాబోయే ఏడాది మంచిచెడ్డలు అంచనా వేస్తారు. నమ్మకాన్ని నమ్మకంగానే గౌరవిస్తాను. దానితోపాటు ఆ నమ్మకం చేసే పనిని కూడా చూడమంటాను.

ఆ పని ఇది. ఆరు నెలలు ఆ చోటు మనుషులది కాదని అది తేల్చి చెబుతుంది. మనం లేకపోయినా అక్కడ పూజ ఆగదు అని ధైర్యమిచ్చి మనల్ని పక్కకు తప్పిస్తుంది. అప్పుడు మంచు కురుస్తుంది, హిమానీనదాలు కొంతైనా కూడదీసుకుంటాయి, జంతువులు తిరుగుతాయి, జారిన మట్టి సర్దుకుంటుంది. దేవపూజ అంటే నాకు అర్థమైనంతలో పర్వతం తన పని తాను చేసుకునే కాలం.

ఆ పర్వతం ఎంత బలమైనదో 2013లో చూశాం. జూన్ 16, 17 తేదీల్లో కురిసిన కుండపోతకు కేదార్‌నాథ్ పైనున్న చోరాబారీ సరస్సు గట్టు తెగింది. నీరూ బండలూ కలిసి ఊరి మీద పడ్డాయి. దారిలోని రామ్‌బాడా మజిలీ తుడిచిపెట్టుకుపోయింది. వేలమంది ప్రాణాలు పోయాయి, మన రాష్ట్రాల నుంచి వెళ్ళినవాళ్ళు కూడా చిక్కుకున్నారు. గుడి వెనక ఒక పెద్ద బండ వచ్చి ఆగి ప్రవాహాన్ని రెండుగా చీల్చింది. దాన్ని భీమశిల అంటున్నారు. గుడి నిలిచింది. పూజలు సెప్టెంబరు 11న తిరిగి మొదలయ్యాయి. గుడి నిలవడాన్ని మహిమగా చెప్పుకుంటాం, అది సహజం. అయితే గుడి చుట్టూ నదీగర్భంలో కట్టిన కట్టడాలు ఎందుకు నిలవలేదో కూడా అంతే శ్రద్ధగా చెప్పుకోవాలి. పూర్వులు గుడి ఒక్కటే కట్టి, పక్కన వదిలిన స్థలం ఖాళీ స్థలం కాదు, నది నడిచే దారి.

జోషీమఠ్ నరసింహస్వామి గురించి ఒక ఐతిహ్యం ఉంది. ఆ మూర్తి చెయ్యి నానాటికీ సన్నబడుతోందట. అది విరిగిన రోజున జయ, విజయ పర్వతాలు కలిసిపోయి బదరీనాథ్ దారి మూసుకుపోతుందట. అప్పటి నుంచి నారాయణుడు భవిష్య బదరిలో పూజలందుకుంటాడట. కొండ ఎప్పటికీ ఇలాగే ఉంటుందని ఆ కథ కట్టినవాళ్ళు నమ్మలేదు. జోషీమఠ్ పాత కొండచరియ శిథిలాల మీద ఉందని 1976లో ప్రభుత్వం నియమించిన మిశ్రా కమిటీ హెచ్చరించింది. 2023 జనవరిలో ఆ ఊరి ఇళ్ళు వందల సంఖ్యలో బీటలు వారాయి. ఐతిహ్యమూ కమిటీ నివేదికా రెండు వేరు భాషల్లో చెప్పింది ఒకటే విషయం: ఆ నేల భారం మోయగలిగినంతే మోస్తుంది.

తాత్పర్యం

పదాలన్నీ కలిపితే వచ్చే అర్థం ఇది. ఈ క్షేత్రాల్లో మనిషికి హక్కు సగమే. మిగతా సగం పర్వతానిది, దాన్నే పెద్దలు దేవతల వాటా అన్నారు. ఈ పంపకాన్ని కొండప్రజలు చలికి భయపడి చేసుకున్న సర్దుబాటుగా చూడకూడదు. దాన్ని వాళ్ళు పూజావిధిగా మలిచి, దేవుడి చేతనే పాటింపజేసి, తరవాతి తరాలకు అందించారు. చట్టాలు మారతాయి. బదరీ కేదార్ ఆలయాల చట్టం 1939లో వచ్చింది. 2019లో వచ్చిన దేవస్థానం చట్టం పురోహితుల వ్యతిరేకతతో 2021లో రద్దయింది. విధిగా మారిన నియమం మాత్రం వీటన్నిటినీ దాటి నిలిచింది.

ఇప్పుడు ఆ పంపకం మీద ఒత్తిడి పెరిగింది. 2023లో నాలుగు క్షేత్రాలకు వచ్చినవాళ్ళ సంఖ్య 50 లక్షలు దాటింది. సుమారు 889 కిలోమీటర్ల రోడ్ల వెడల్పు పని సాగుతోంది. సోన్‌ప్రయాగ నుంచి కేదార్‌నాథ్‌కు 12.9 కిలోమీటర్ల రోప్‌వేకు 2025 మార్చిలో కేంద్రం ఆమోదం తెలిపింది. హెలికాప్టర్లు లోయలో తిరుగుతూనే ఉన్నాయి. దర్శనం సులువు కావాలని కోరడం తప్పు కాదు. అశక్తులకు సాయం ఉండాల్సిందే. కానీ మనం చేరే వేగం పెరిగినంత మాత్రాన కొండ మోసే శక్తి పెరగదు. ఆరు నెలల్లో ఎంతమంది, ఏ రోజు ఎంతమంది అన్న హద్దు లేకపోతే మొదటి ఆరు నెలలు రెండో ఆరు నెలలను తినేస్తాయి.

తెలుగు యాత్రికులకు నేను చెప్పేది మూడు మాటలు. ఒకటి, నాలుగు క్షేత్రాలను పది రోజుల్లో చుట్టెయ్యాలన్న పట్టు వదలండి. ఒక్కటే ఎంచుకుని, దారిలో ప్రయాగల్లో ఆగుతూ, శరీరానికి వ్యవధి ఇస్తూ వెళ్ళండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి, వాతావరణం బాగాలేదని ఆపితే వాదించకుండా ఆగండి. రెండు, మీరు తీసుకెళ్ళిన ప్లాస్టిక్‌ను మీరే కిందికి తెచ్చుకోండి, అక్కడ దాన్ని పారేసే చోటు లేదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. చలికాలంలో వెళ్ళండి. ఉఖీమఠ్, పాండుకేశ్వర్, ముఖ్‌బా, ఖర్సాలీలలో అదే దేవుళ్ళు, అదే పూజారులు, రద్దీ లేకుండా ఉంటారు. ఆ ఊళ్ళలో ఇళ్ళ దగ్గర బస దొరుకుతుంది, మీ డబ్బు ఆ కుటుంబాలకు నేరుగా అందుతుంది. పైన మంచులో ఉన్న గుడిని దేవతలకు వదిలి, కింద ఊరివాళ్ళతో కలిసి దేవుణ్ణి కొలిస్తే, ఆ యాత్రికుడు ఏడాదిలోని రెండు సగాలనూ గౌరవించినవాడవుతాడు.